జంఖానా చాటున చూపుల పాఠం

మా అమ్మ జొన్న చేలో చీర ఎగదోపి, కొడవలి పట్టి వంగినప్పుడు ఆమెకూ గట్టు మీద నిలబడ్డ పటేలుకూ నడుమ ఒక గుడ్డ కట్టాలని ఎవరికీ తోచలేదు. ఆమె చెమట ఊరందరూ చూశారు. నేను ఇంగ్లీషు పంతులమ్మనై ట్రైనింగుకు పోయేసరికి మాత్రం, నన్ను మగవాళ్ళు చూస్తే ఆడవాళ్ళ పరువు ఏమైపోతుందోనని పెద్దలు తెగ బెంగపడ్డారు. పరువు కూడా నాలుగక్షరాలు వచ్చినవాళ్ళకే దొరికే సరుకు కాబోలునని నాకు అప్పుడే తోచింది.

మాది నాగర్‌కర్నూలు పక్క ఒక పల్లె. పటేలు ఇంటికి తరతరాలుగా కూలి చేసిన కుటుంబాల్లో మాదొకటి. ఆ ఇంట్లో ఒక రివాజు ఉండేది. కూలివాళ్ళ ఇంట పిల్లకు పాలపళ్ళు ఊడగానే కమ్మరితో ఒక పెద్ద కొడవలి చేయించి, పిడి మీద ఆ పిల్ల గుర్తు చెక్కించి, పశువుల కొట్టం చూరులో గుచ్చేవారు. పిల్ల ఎదిగి వచ్చి దాన్ని అందుకోవాలి. మా వాడలో అది బారసాల కంటే గట్టి తంతు. పేరు మార్చుకోవచ్చు గానీ కొడవలి మార్చుకోలేరు.

నా కొడవలి చూరెక్కిన ఏడే మిషనువాళ్ళు నన్ను బోర్డింగు బడికి తీసుకుపోయారు. మేము అప్పటికే ఏసును నమ్ముకున్నవాళ్ళం కనుక అది కుదిరింది. పటేలు అడ్డం పడలేదు. "తీస్కపోన్రి. సదివి ఏం జేస్తది? మల్ల మా జొన్న చేన్లకే రావాలె. దాని కొడవలి యాడికి పోతది, చూర్లనే ఉంటది" అన్నాడట. ఆ మాట మా అమ్మ ఎన్నడూ మరిచిపోలేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా ఆ కొట్టం ముందు నుంచి కాకుండా చుట్టూ తిప్పి నన్ను తీసుకుపోయేది.

చదువు అయ్యాక గద్వాలలో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పడానికి నౌకరీ దొరికింది. అది కచ్చా నౌకరీ. అంటే, పొద్దున రమ్మని మాపటికి పొమ్మనగలిగేది. యుద్ధం నడుస్తున్న కాలమది. కిరసనాయిలు దొరకదు, కాగితం దొరకదు, హుకుములకు మాత్రం కరువు లేదు. ఒక ఎండాకాలం హుకుం దిగింది. ఇంగ్లీషు చెప్పేవాళ్ళంతా వనపర్తి పోయి ట్రైనింగు తీసుకోవాలి, చివర పరీక్ష పాఠం చెప్పాలి. పాసైతే నౌకరీ పక్కా. ఫెయిలైతే బడి తెరిచేనాటికి ఎవరింటికి వాళ్ళు. మిగతావాళ్ళకు ఇల్లంటే ఇల్లే. నాకు ఇల్లంటే ఆ చూరు.

గద్వాలలో రైలెక్కి, కృష్ణ దాటి, వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి, ఎడ్లబండి మీద ఊళ్ళోకి చేరాను. ట్రైనింగు ఒక బడి హాల్లో. గద్వాల నుంచీ నాగర్‌కర్నూలు నుంచీ ఇటు కొల్లాపూరు దాకా పంతుళ్ళు వచ్చారు. ఆడవాళ్ళం ఇద్దరమే. గుమ్మంలోనే ఆ బడి పెద్దసారు ఎదురొచ్చి, నా ముఖం చూడకుండా గోడను చూస్తూ, "మీ కోసం ఖాస్ ఇంతెజాం చేసినం అమ్మా" అన్నారు. కొత్త అల్లుడికి ఇల్లు చూపినట్టు ఆ ఏర్పాటు చూపించారు.

హాలు మూలన అడ్డంగా తాడు కట్టి, దాని మీద జంఖానా వేలాడదీశారు. పెళ్ళిళ్ళలో పంక్తికి పరిచే మందపాటి నూలు జంఖానా అది. గాలి దూరదు, వెలుగు దూరదు. చారలున్న మంచి వైపు మగవాళ్ళకు, ఎవరి పెళ్ళిలోనో ఒలికిన పప్పు మరకలున్న వైపు మాకు. ఆ మూలకు వేరే తలుపు, తలుపు అవతల చిన్న వరండా. అందులోంచే మా రాకపోకలు.

నాకు ముందే అక్కడొక పెద్దావిడ పాన్‌దాన్ ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ ఊళ్ళోనే ఆడపిల్లలకు చెప్పే ఉస్తానీ. భర్త పోయాక ఆ నౌకరీ మీదే పిల్లల్ని సాకుతోంది. ఆమెకు పరదా చిన్ననాటి నుంచీ ఇంటి అలవాటు. నన్ను చూడగానే తమలపాకు మడిచి చేతిలో పెట్టి, "కూసో బహెన్. ఈడ మనల్ని ఎవ్వరు చూడరు, నిద్రొస్తే పండుకోవచ్చు" అంది. నేనామెను ఆపా అన్నాను. చివరిదాకా అదే పిలుపు.

పాఠాలు చెప్పడానికి పట్నం నుంచి ట్రైనింగు సాబ్ ఒకాయన వచ్చాడు. విలాయతి పోయి వచ్చినవాడని పెద్దసారు ముందుగానే చాటారు. ఆయన గొంతు ఖంగుమని మోగేది. ఆ గొంతును బట్టి ఆరడుగుల మనిషి అనుకున్నాను నేను. మొదటి రోజు ఆయన కొత్త పద్ధతి వివరించాడు. ఇంగ్లీషు చెప్పేటప్పుడు నోట ఇంగ్లీషు తప్ప ఇంకో మాట రాకూడదు. తెలుగు రాకూడదు, ఉర్దూ రాకూడదు, గద్వాల అంచు పిల్లలకు కన్నడం అసలే రాకూడదు. వస్తువు చూపించాలి, పని చేసి చూపించాలి, పిల్ల కళ్ళతో నేర్చుకోవాలి. ఈ సంగతంతా ఆయన ఏకబిగిన ఉర్దూలోనే చెప్పాడు. పంతుళ్ళు తెలుగులో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇంగ్లీషు ముక్క ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

"కండ్లతోని నేర్చుకునే పద్ధతి ఇది" అని ఆయన ప్రతి పూటా అంటూనే ఉన్నాడు. మేము ప్రతి పూటా పప్పు మరకలు చూస్తూనే ఉన్నాము. "ఐ యామ్ జంపింగ్" అనేవాడు. అవతల దబ్బున చప్పుడు. ఎగిరాడనుకునేవాళ్ళం. "స్లోలీ" అనేవాడు. ఏ చప్పుడూ లేదు. "క్విక్లీ" అనేవాడు. కుర్చీ పడ్డ చప్పుడు, ఆపైన పంతుళ్ళ నవ్వులు. ఏ పనికి ఏ చప్పుడో ఆపా వేళ్ళు మడిచి గుర్తుపెట్టుకునేది. ఇంగ్లీషు మాటలు మాకు కొత్త కావు. వాటిని పిల్లలకు ఎట్లా చూపించాలన్నదే మేము నేర్వవలసింది, అది తప్ప అన్నీ వినిపించాయి.

ఆ చప్పుళ్ళలో ఒకటి మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది. పాఠం నడుమ సాబ్ కట్టె పట్టుకుని నేలను టక్, టక్, టక్ మని మూడుసార్లు కొట్టేవాడు. ఆ తర్వాత కాసేపు ఊరుకుని మళ్ళీ పాఠం అందుకునేవాడు. ఒక్కోసారి ప్రతి వాక్యానికీ ముందు కొట్టేవాడు. ఎందుకని ఆపాను అడిగాను.

"పిల్లలు ఇటు జూడాలని కొడుతుండు బహెన్. విలాయతి తరీఖా అయ్యుంటది" అంది.

నాకూ అదే సబబుగా తోచింది. జంఖానాకు ఒక చిల్లు పెట్టి చూద్దామన్నాను కూడా. "నువ్వు వాళ్ళను జూసే చిల్లుల నుంచి వాళ్ళు నన్ను జూస్తరు" అని ఆపా నా చేతిలోని సూది లాక్కుంది. ఆమె మాట కాదనలేకపోయాను.

మగవాళ్ళంతా భోజనాలకు పోయాక జంఖానా ఎత్తుకుని అటువైపు పోయేవాళ్ళం. దొంగతనం జరిగిన ఇంట్లో అమీన్‌సాబ్ తిరిగినట్టు, ఆ పూట ఏం పాఠం జరిగిందో ఆనవాళ్ళు వెతికేవాళ్ళం. మామిడి తొక్క ఉంటే మామిడి పాఠం. నేల తడి ఉంటే నీళ్ళ పాఠం. రోజూ తప్పకుండా కనిపించేవి మాత్రం మేక పెంటికలు. గోడకు తగిలించిన బొమ్మల కాగితాలకు అంచులు కొరికినట్టు ఉండేవి. సాబ్‌కు మేక పాఠం మీద మోజు ఎక్కువని మేమిద్దరం తేల్చుకున్నాం. వస్తువు చూపించమన్నాడు కనుక, రోజూ మేకను తెచ్చి, ముందు కట్టెతో మూడు దెబ్బలు కొట్టి, దాన్ని చూపిస్తున్నాడు. ఇంత చదువుకున్న మనిషి ఊరికే చేయడు గదా.

మధ్యాహ్నం పూట ఊళ్ళోని ఆడపిల్లలను మా మూలకు తెచ్చి కూర్చోబెట్టేవారు. వాళ్ళకు పాఠాలు చెప్పి మేము చెయ్యి తిప్పుకోవాలి. ఆపా నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసేది. కట్టెతో మూడు దెబ్బలు, తర్వాత ఒక వాక్యం, తర్వాత పిల్లలందరూ గొంతెత్తి ఆ వాక్యం. నేను బోర్డింగులో ఒక ముసలి దొరసాని దగ్గర చదివినదాన్ని. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. కుండలో నీళ్ళు నింపుతూ మాట ఒక్కసారి అనేది, ఆపైన మా చేత నింపించేది. నాకు ఆ తీరే చేతికొచ్చింది. నా పిల్లలు కుండలు నింపేవాళ్ళు, ఒంపేవాళ్ళు, మామిడి ముక్కలు తినేవాళ్ళు, ఏం చేస్తున్నారో మెల్లగా చెప్పేవాళ్ళు.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్షకుడు సాబే. ఆయన జంఖానాకు అటు, మేమూ పిల్లలూ ఇటు. ముందు ఆపా. ఆ బడి చప్రాసీని బతిమాలి, అతను పెంచుకునే మేకను తెప్పించుకుంది. కట్టె తీసి టక్, టక్, టక్ మంది. మేక ఒక్కసారి అదిరిపడి, తాడు తెంపుకోబోయి, మ్యా మ్యా మని అరిచింది. "దిస్ ఈజ్ ఎ గోట్" అంది ఆపా. పిల్లలు కప్పు ఎగిరేలా అన్నారు. మళ్ళీ మూడు దెబ్బలు, మళ్ళీ మేక అరుపు, మళ్ళీ పిల్లల కేక.

అటువైపు నుంచి "శాబాష్" అని వినిపించింది. "వస్తువును చూపుడంటే గిది. ప్రాణమున్న వస్తువే తెచ్చిన్రు ఉస్తానీజీ. ఇగ ముందుగాల గా కట్టె చప్పుడు, పిల్లల ధ్యాస మలుపనీకె ఎంత మంచి ఉపాయం" అని సాబ్ పంతుళ్ళతో అన్నాడు. అది తన కట్టె చప్పుడేనని ఆయనకు తట్టలేదు. ఆ పూటే మగ పంతుళ్ళందరినీ తలా ఒక కట్టె తెచ్చుకొమ్మన్నాడు. ఆపా పాసైంది. నేనెంతో సంతోషపడ్డాను, ఆ నౌకరీ మీదే బతికే ఆమె బిడ్డల ముఖాలు నాకు తెలుసు.

తర్వాత నా వంతు. నేను కుండ తెచ్చాను, చెంబు తెచ్చాను, పండ్లు తెచ్చాను. పిల్లలు ఒక్కొక్కరే లేచి నింపారు, ఒంపారు, తాగారు, చేస్తున్నది చెప్పారు. ఒక పిల్ల నీళ్ళు ఒలకబోసుకుంటే అందరూ నోరు మూసుకుని నవ్వారు. పాఠం చక్కగా సాగుతోందని నేను మురిసిపోతున్నాను.

"పాఠం ఎప్పుడు షురూ చేస్తరమ్మా?" అని అటువైపు నుంచి వినిపించింది.

"నడుస్తుంది సాబ్."

"నాకేం వినొస్తలేదు."

"చూపిస్తున్న సాబ్."

కాసేపటికి కలం గీకిన చప్పుడు. "పాఠం వినిపించలేదు, ఫెయిల్" అన్నాడు ఆయన. కోపం కూడా లేదు గొంతులో. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అన్నాడు.

నా కళ్ళ ముందు చూరు కనిపించింది, పిడి మీద చెక్కిన గుర్తు కనిపించింది. ఆ వెనకే ఒళ్ళు మండింది. "సాబ్, చూపించే పద్ధతన్నరు. చూపించింది ఎట్ల వినిపిస్తది?" అన్నాను.

"చూడకుంట నేనెట్ల పాస్ చెయ్యాలె?"

"చూడన్రి. జంఖానా తియ్యన్రి."

పెద్దసారు దగ్గడం వినిపించింది. "తౌబా. గట్ల అనొద్దమ్మా. మీ ఇజ్జత్ కోసమే గద గీ ఇంతెజాం" అన్నారు ఆయన.

"మా అమ్మ జొన్న కోస్తుంటె పటేలు గట్టు మీద నిలవడి చూస్తడు సార్. గాడ ఏ ఇంతెజాం లేదు. నేను కుండల నీళ్లు పోస్తుంటె చూస్తే ఏమైతది?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారికి నా ముఖం చూడటానికే భయం. నేను కూలబడి ఏడ్చాను. ఆపా నా వీపు నిమురుతూ చాలాసేపు ఆలోచించి, జంఖానా దగ్గరకు జరిగి గొంతు సవరించుకుంది.

"సాబ్, ఈ ఊర్ల మా ఉస్తాద్ ఒకాయన ఉన్నరు. పించను తీస్కుంటుండ్రు. ఇంగ్లీషు బాగ చెప్పేటోరు. ఇప్పుడు రెండు కండ్లకు పొరలొచ్చి ఏం కానరాదు. పరదా ఇండ్లల్ల పిల్లలకు ఆయన్నే పిలుస్తరు. ఆయన లోపటికి రావొచ్చు."

కళ్ళతో నేర్పే పాఠాన్ని పరీక్షించడానికి కళ్ళు లేని మనిషి. నేనైతే అది ఎగతాళి అనుకున్నాను. సాబూ పెద్దసారూ మాత్రం చాలాసేపు గుసగుసలాడుకున్నారు. పరీక్షకుడికి చదువు ఉండాలి, అనుభవం ఉండాలి అని ఖాయిదాలో ఉందట. చూపు ఉండాలని ఎక్కడా లేదట. పైగా పరదా నిలబడుతుంది. "బహుత్ ఖూబ్" అన్నాడు సాబ్, బరువు దిగినవాడిలా. మళ్ళీ పాఠం చెప్పడానికి రోజు పెట్టారు. ఈసారీ పోతే ఇక పోయినట్టేనని కూడా చెప్పారు.

ఈలోగా నేను ఫెయిలైన కబురు ఎవరి నోటనో మా ఊరు చేరింది. మా అమ్మ సంత బండ్లు పట్టుకుని, కొంత నడిచి, పరీక్ష పొద్దుకు వనపర్తి వచ్చింది. వరండాలో, తలుపుకు ఎదురుగా, లోపల కనిపించేచోట కూర్చుంది. ఆడమనిషి గనుక ఆమెకు చూడటానికి అడ్డు లేదు.

ఉస్తాద్ సాబ్‌ను ఇద్దరు పిల్లలు చెయ్యి పట్టి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. తెల్లటి గడ్డం, పాత షేర్వాణీ, మోకాళ్ళ మధ్య చేతికర్ర. ఆయన కళ్ళలో తెల్లని పొరలు చూడగానే నా ధైర్యం జారిపోయింది. ఈయనకేం చూపించను? ఆపా నా పక్కకు వచ్చి కట్టె నా చేతిలో పెట్టింది. "మూడుసార్లు కొట్టు. పిల్లలతోని గట్టిగ అనిపియ్యి. జిద్దు వద్దు బహెన్, పాసైతవ్" అని చెవిలో చెప్పింది. మేకను కూడా ఆమే తెచ్చి కట్టింది. నా మేలు కోరే చేసింది.

కట్టె పట్టుకుని నిలబడ్డాను. కొట్టేదాన్నే. అంతలో ఉస్తాద్ సాబే అన్నాడు. "బిడ్డా, పాఠం నాకు చెప్పకు. నాకొస్తది ఇంగ్లీషు. పిల్లలకు చెప్పు. నాకేమన్న కావాల్నంటే నేనే అడుగుత."

ఆ మాటకు కట్టె కింద పెట్టేశాను. ఎప్పటిలాగే కుండ తీశాను. పిల్లలు నింపారు, ఒంపారు. కొంతసేపు విని ఆయన ఇంగ్లీషులోనే అడిగాడు, మీ దగ్గర ఏముందని. ఒక పిల్ల మామిడిపండు ఉందంది. ఎక్కడ అన్నాడు. "హియర్" అని ఆ పిల్ల పండును ఆయన అరచేతిలో పెట్టింది. నీళ్ళెక్కడ అన్నాడు. కుండలో అని, ఇంకో పిల్ల ఆయన చెయ్యి పట్టి తీసుకుపోయి కుండలో ముంచింది. నేను అట్లా చెయ్యమని చెప్పలేదు. కళ్ళు లేని మనిషికి ఎట్లా చూపించాలో ఆ పిల్లలకు ఎవరూ నేర్పక్కరలేకపోయింది.

అప్పుడే మేక తన పని మొదలుపెట్టింది. కాగితాల కరువు దానికీ ఉన్నట్టుంది. తాడు సాగదీసుకుని వచ్చి ఉస్తాద్ సాబ్ షేర్వాణీ అంచు నోట పట్టి లాగింది. ఎవరది నన్ను లాగేది అని ఆయన ఇంగ్లీషులో అడిగాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు నేను నేర్పలేదు. చివరన కూర్చున్న పిల్ల నెమ్మదిగా లేచింది.

"ది గోట్ ఈజ్ ఈటింగ్ ది కోట్" అంది.

నేను నేర్పింది పిల్ల మామిడి తింటోందని మాత్రమే. మేక కోటు తింటోందని ఆ పిల్ల తనంతట తానే చెప్పుకుంది. ఉస్తాద్ సాబ్ కోటును లాక్కోలేదు. మేకను తిననిచ్చి, "మల్ల ఒక్కసారి చెప్పు బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ చెప్పింది. ఈసారి ధైర్యంగా.

మేక ఏదో తింటోందన్న మాట అటువైపు సాబ్ చెవిన పడింది. ఇన్నాళ్ళ అలవాటు ఊరుకుంటుందా? టక్, టక్, టక్ మని కట్టె మోగింది. "హత్" అన్న అరుపు. మేక తాడు పుటుక్కుమంది. అది ఎటు పోవాలో తెలియక జంఖానాలోకే దూకింది. తాడూ జంఖానా మేకా కలిసి నేల మీద పడ్డాయి. హాలు మొత్తం ఒక్క హాలైపోయింది.

ఆపాకు అది నవ్వులాట కాదు. రెండు చేతులతో ముఖం కప్పుకుని వణికిపోయింది. నేను పరుగున పోయి ఆమెకు అడ్డంగా కొంగు చాపి నిలబడ్డాను. అట్లా నిలబడే మొదటిసారి సాబ్‌ను చూశాను. ఆరడుగుల మనిషి కాదు, నా భుజం దాకా వస్తాడేమో. చేతిలో కట్టె. ఆయన నన్ను చూడలేదు. పంతుళ్ళనూ పెద్దసారునూ వెంటేసుకుని గిరుక్కున తిరిగి గోడకు ముఖం పెట్టేశాడు. చదువుకున్న మగవాళ్ళందరూ దండన పడ్డ పిల్లల్లా గోడ వైపు నిలబడ్డారు. తలుపు బయటి నుంచి చప్రాసీ తలదించుకుని వచ్చి, జంఖానాలోంచి మేకను లాగుతూ గొణిగాడు. "గా కట్టె సప్పుడు ఇంటె గిట్లనే బెదురుతది. కాయితాలు తింటదని సాబ్ దినాం గట్లనే కొట్టి ఎల్లగొడుతడు."

నేనూ ఆపా ఒకరినొకరు చూసుకున్నాం. ఆ భయంలో కూడా ఆమెకు నవ్వాగలేదు.

"పాస్" అన్నాడు ఉస్తాద్ సాబ్, కుర్చీలోంచి కదలకుండానే.

గోడ వైపు నుంచి సాబ్ గొంతు వచ్చింది. "హుజూర్, పాఠం కండ్లార చూసినట్టు రాయాలె. మీరు చూసిన్రా?"

"చూసిన. నువ్వు గోడను చూస్తున్నవని పిల్లలు చెప్తున్నరు. నువ్వేం రాస్తవ్?"

సాబ్ గోడ మీదనే కాగితం ఆనించి రాసి దస్తకతు చేశాడు. నా నౌకరీ పక్కా అయింది. వరండాలో మా అమ్మ లేచి నిలబడి ఉంది. జరిగిన దాంట్లో ఆమెకు ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు. "పాసైన అమ్మా" అన్నాను. "తెల్సింది. గా మేక జేసిన పనికే తెల్సింది" అంది.

ఆ ట్రైనింగు ఫలితాలు చాలాకాలం నిలిచాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత నాగర్‌కర్నూలులో ఒక బడికి పోతే, మీసాలు కూడా సరిగా రాని కొత్త పంతులు ఒకడు ప్రతి వాక్యానికీ ముందు కట్టెతో నేలను మూడుసార్లు కొడుతున్నాడు. ఎందుకు బాబూ అని అడిగాను. "వనపర్తి పద్ధతి మేడం, మా సారు నేర్పిండు" అన్నాడు గర్వంగా. అక్కడ మేక లేదు.

ఆ ఎండాకాలమే, బడి తెరవకముందు అమ్మతో కలిసి మా పల్లెకు పోయాను. ఈసారి ఆమె కొట్టం చుట్టూ తిప్పి తీసుకుపోలేదు. నేరుగా పటేలు అరుగు ముందుకే నడిపించింది. పటేలు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు.

"ఏందే, నీ బిడ్డ పాసైందంట గద?" అన్నాడు.

"అయింది పటేలా. దానికింక కొడవలితోని పని లేదు."

ఆ కొడవలిని ఆమె ఏం చేయబోతోందో నాకు ఊహల్లో ఎన్నోసార్లు కనిపించింది. కృష్ణలో పారేస్తుందనుకున్నాను. పటేలు ముందు విరిచేస్తుందనుకున్నాను. ఆమె కొట్టం చూరు దగ్గరకు పోయి, మునివేళ్ళ మీద నిలబడి దాన్ని లాగింది. కొంగుతో బూజు తుడిచింది. బొటనవేలితో పదును చూసింది.

"గిది నేను తీస్కపోత పటేలా. నాది అరిగిపోయింది" అంది.

పటేలు తలూపాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది, ఆమె చూడకుండా తల తిప్పుకున్నాను. ఆ ఏడు జొన్నకోతకు మా అమ్మ నా కొడవలితోనే పోయింది.